‘దూరంగా’ అని రాసింది నేనే

మా వాడ బావిలో నీళ్ళు ఎర్రబడిన రోజున మేమంతా చెంపలు వేసుకొని ఆ నీళ్ళకు దండం పెట్టాం. ఇంత చదువుకున్నదానివి, ఆ సంగతి నలుగురిలో ఎందుకు చెప్తావని బంధువులు నన్ను కసురుకుంటారు. నేను చెప్తాను. పెట్టిన దండాన్ని దాచిపెట్టి, తర్వాత చేసిన కొట్లాట ఒక్కటే చెప్పుకుంటే అది సొంత డప్పు కొట్టుకోవడం అవుతుంది. మేము తప్పు చేశాం. ఒకటి కాదు, రెండు. మొదటిది తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. రెండోది నా చేతిరాతలోనే ఉంది.

డెబ్బయ్యో దశకం చివరి సంవత్సరాలవి. వరంగల్‌లో మాది జంపఖానాలు నేసే వాడ. పెళ్ళిళ్ళలో, సభల్లో జనం కూర్చోవడానికి నేల మీద పరుస్తారే, ఆ దళసరి నూలు చాపలు. ఇంటింటా మగ్గం ఉండేది. మగవాళ్ళు నేసేవాళ్ళు, ఆడవాళ్ళు కండెలకు నూలు చుట్టేవాళ్ళు. మా వైపు తల్లిని అవ్వ అంటాం. మా అవ్వ నెక్కొండ దగ్గరి పల్లె నుంచి ఈ వాడకు కోడలిగా వచ్చింది. కండె చుడుతూ చుడుతూనే నలుగురికి జవాబు చెప్పగలిగే మనిషి. మా నాయిన మాత్రం నోట్లో నాలుక లేనివాడు. ఆయన నేతగాడు కాదు, నూలుకు రంగు వేసేవాడు. ఆయన చేతులు మోచేతుల దాకా ఏ వారం ఏ రంగు ఉంటే ఆ రంగులో ఉండేవి. నా చిన్నప్పుడు అందరి నాయినల చేతులూ అలాగే ఉంటాయనుకున్నాను.

మొదట్లో ఆ పని మా పెరట్లోనే జరిగేది. రెండు గంగాళాలు, ఒక పొయ్యి, వారానికి రెండుసార్లు. మిగిలిన రంగు నీళ్ళు పెరట్లోనే పారబోసేవాళ్ళం. మేమేదో ముందు నుంచీ పుణ్యాత్ములమని నేను చెప్పడం లేదు. కాకపోతే ఆ నాలుగు బిందెల నీళ్ళనూ నేల తాగేసేది.

తర్వాత ఫారిన్ ఆర్డర్లు వచ్చాయి. మన దగ్గర పెళ్ళి పందిట్లో కాళ్ళ కింద నలిగే జంపఖానాను అక్కడ గోడకు వేలాడదీసుకుంటారట. రంగులు మాత్రం మండిపోతున్నట్టు ఉండాలట. మాకు నూలు ఇచ్చి జంపఖానాలు కొనుక్కునే సేటు ఒకాయన ఉండేవాడు. ఆయన మా వాడకు ఎగువన, మెరక మీద రంగుల కార్ఖానా పెట్టాడు. సిమెంటు తొట్లు, పెద్ద బట్టీ, ఆరేసుకోవడానికి ఇంత పొడుగు వెదురు దండేలు. రంగు కలపడంలో మా నాయినను మించినవాడు లేడని ఆయననే పెద్ద పనివాడిగా పెట్టుకున్నాడు. నేసిన సరుకు బేళ్ళు కట్టి లారీలో కాజీపేటకు పోయేది, అక్కడ రైలెక్కి బొంబాయికి.

నిజం చెప్పాలంటే అవి మాకు మంచి రోజులే. వాడలో పనిలేని మగ్గం లేదు. మా ఇంట్లో కరెంటు బుగ్గ వెలిగింది. నేను ఇంటర్‌లో చేరాను, మా వాడ ఆడపిల్లల్లో మొదటిదాన్ని. ఆ రంగుల అన్నం తినే ఇంతదాన్ని అయ్యాను. అభివృద్ధికి అడ్డం పడ్డారు అని మమ్మల్ని తర్వాత అన్నవాళ్ళు ఈ ముక్క కూడా వినాలి. మాకు అభివృద్ధి చేదుగా ఏమీ లేదు, తియ్యగానే ఉండింది.

కార్ఖానా వాడిన నీళ్ళు ఒక మోరీలో పడి మా వాడ పక్క నుంచి కిందికి పోయేవి. ఆ మోరీకి ఇరవై అడుగుల దూరంలో మా మంచినీళ్ళ బావి ఉండేది. వాడలో ఇంకా మూడు బావులున్నా వాటివి ఉప్పు నీళ్ళు, పప్పు ఉడకదు. నల్లా ఉన్నా, అది దాని ఇష్టం వచ్చినప్పుడు వచ్చేది. తాగడానికి, వండుకోవడానికి అందరికీ ఆ ఒక్క బావే.

ఒక ఎండాకాలం, నీళ్ళు బాగా అడుక్కు పోయిన రోజుల్లో, పొద్దున్నే చేదిన బొక్కెనలో నీళ్ళు ఎర్రగా వచ్చాయి. రక్తమంత ఎరుపు కాదు. కుంకుమ కడిగినంత. మా పక్కింటి పెద్దవ్వ చూసి బొక్కెన అక్కడే పెట్టి సాగిలపడింది. వాడలో అమ్మవారి పనులన్నీ ముందుండి నడిపించేది ఆమే.

"అమ్మ వచ్చిందే! పోశమ్మ తల్లి కుంకుమ కడుక్కున్నదే మన బాయిల!"

ఇంకేముంది. ఆ వారం వాడంతా బోనం ఎత్తింది. బావి గద్దెకు పసుపు పూశారు, వేపమండలు కట్టారు. నేను కెమిస్ట్రీ చదువుతున్నదాన్ని, నేను కూడా కొత్త లంగావోణీ కట్టుకొని బోనం ఎత్తుకున్నాను. డప్పులు, బలికి యాట, అన్నీ సేటు పెట్టించాడు. అడగకముందే పెట్టించాడు. ఎంత భక్తి అని అందరూ మెచ్చుకున్నారు. మా నాయిన ఒక్కడే కడుపునొప్పి అని ఇంట్లో పడుకున్నాడు, తేలు కుట్టిన దొంగలాగా.

పండుగ అయ్యాక మా అవ్వ కన్ను చాంతాడు మీద పడింది. మా వాడలో చాంతాళ్ళు పనికిరాని నూలుతోనే పేనుకునేవాళ్ళం. ఆ తాడు నీళ్ళలో మునిగినంత మేర గులాబీ రంగు పట్టింది. ఎండకు ఆరినా ఆ రంగు పోలేదు. అదే నీళ్ళు నింపిన ఇత్తడి బిందె మాత్రం చింతపండుతో తోమితే ఎప్పటిలాగే తళతళలాడింది. అవ్వ తాడును చేతిలో పట్టుకొని చాలాసేపు చూసింది.

"ఇత్తడికి అంటలే, గద్దెకు అంటలే, నూలుకు అంటింది. అమ్మవారికి నూలు మీదనే గింత పేమేందే?" అంది నాతో.

ఆ మాట నేను అనవలసింది. కాలేజీకి పోయేది నేను.

మర్నాడు మిట్టమధ్యాహ్నం అవ్వ బావి దగ్గరే మూడు రాళ్ళు పెట్టి పొయ్యి అంటించింది. బావి నీళ్ళు గిన్నెలో పోసి, లడీ అనే తెల్ల నూలు చుట్ట ఒకటి వేసి, పిడికెడు ఉప్పు చల్లింది. ఉప్పు వేసి కాస్తేనే రంగు నూలుకు ఎక్కుతుందని రంగు వేసే ఇంట్లో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. నీళ్ళు మరుగుతుంటే ఒకరొకరే వచ్చి చుట్టూ నిలబడ్డారు. లడీని కర్రతో ఎత్తి మామూలు నల్లా నీళ్ళలో జాడించి చూపించింది. గులాబీ రంగు. పిండితే ఒక్క బొట్టు కూడా కారలేదు.

"కుంకుమ అయితే కారిపోవాలె. పోలేదు చూడుర్రి. గిది కార్ఖానా రంగు," అంది.

ఎవరూ శభాష్ అనలేదు. పెద్దవ్వ ముందుకొచ్చి అవ్వ ముఖం మీదే అడిగింది. "అమ్మవారితోని పరాచికాలానే? నీ పెనిమిటి తినేదేంది, గా రంగు కూడు కాదా? తిన్నింటి వాసాలు లెక్కవెడ్తాన్నవ్."

"గొంగట్ల తినుకుంట ఎంటికలు ఏరుతాంది," అని ఇంకొకామె వంత పాడింది. నవ్వారు. వెళ్ళిపోయారు. మరుసటి పొద్దున ఆ బావిలోనే చేదుకున్నారు, గుడ్డలో వడగట్టుకొని.

పొయ్యి అంటించిన రోజు మధ్యాహ్నమే నాయిన అన్నానికి వచ్చాడు. అవ్వ కంచం పెట్టింది, కంచం పక్కన ఆ లడీ పెట్టింది. నాయిన లడీని తీసుకొని కిటికీ దగ్గరికి పోయాడు. వెలుతురుకు పట్టి చూశాడు, రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు, వాసన చూశాడు.

"ఉప్పు తక్కువేసినవ్," అన్నాడు.

అంతే, ఒప్పుకున్నట్టే. రంగు చూస్తే ఆయనకు అబద్ధం రాదు, పాపం.

"ఎన్నొద్దుల సంది ఎర్క నీకు?"

"మోరీ తవ్విన నాటి సంది."

"మరి బోనం నాడు నోరెందుకు తెరవలే?"

నాయిన నా వైపు చూశాడు. "దీన్ని కాలేజీ మాన్పిద్దామా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వాడంతా తాగే నీళ్ళకు నన్ను అడ్డం పెట్టాడు. నేను అన్నం వదిలేసి లేచాను. కోపం ఆయన మీదనా, ఆయన చెప్పింది నిజమైనందుకా అని ఇప్పటికీ నాకు తెలియదు.

అవ్వ, నేను సేటు దగ్గరికి పోయాం. ఆయన చెడ్డగా ఏమీ మాట్లాడలేదు. కూర్చోబెట్టాడు, చాయ్ ఇప్పించాడు. "చెల్లే, ఆర్డరు నడుమల ఉన్నది. ఇప్పుడు నీళ్ళు బంద్ అంటే మగ్గాలు బంద్ అయితయ్. వాడ ఇప్పుడిప్పుడే బాగుపడుతాంది. జర ఓపిక పట్టుర్రి, ఇంకో నల్లా వేయిస్త," అన్నాడు.

"బాయికి కూడ ఓపిక పట్టుమని చెప్పు సేటూ," అంది అవ్వ. చాయ్ ముట్టుకోకుండానే లేచింది.

వారం రోజులు అవ్వ ఒకే పని చేసింది. రోజూ మధ్యాహ్నం బావి నీళ్ళలో ఒక తెల్ల లడీ వేసి ఉడికించేది. నేను దానికి కాగితం చీటీ కట్టి ఏ రోజుదో రాసేదాన్ని. మొదటి మూడు రోజులు గులాబీ, తర్వాత కార్ఖానాలో రంగు మారినట్టుంది, ఊదా వచ్చింది, చివరి రెండు రోజులు తుప్పు కలిసినట్టు ఒక ఆకుపచ్చ. వాటిని వరుసగా తెలిసినవాళ్ళ మగ్గం మీద ఏడు పట్టీలుగా నేయించింది. మనిషి కూర్చునేంత చిన్న జంపఖానా. అందులో మా వాడ తాగిన వారం మొత్తం ఉంది.

బొంబాయి నుంచి సరుకు చూడటానికి, మా జంపఖానాలు ఫారిన్‌కు పంపే కంపెనీ సాబ్ వచ్చే రోజు అందరికీ తెలుసు. కార్ఖానా ముందు సరుకంతా పరిచి ఉంచుతారు. అవ్వ ఆ రోజు వెళ్ళి, ఆయన నడిచి వచ్చే దారిలో ఈ జంపఖానా పరిచి, పక్కన నిలబడింది. సాబ్ సిగ్గుపడాలి, ఇదేమిటని సేటును నిలదీయాలి. మా ఆలోచన అది. ఎంత అమాయకులమో చూడండి.

సాబ్ దాని ముందు ఆగాడు. వంగాడు. చేత్తో రుద్ది చూశాడు. ముఖం వెలిగిపోయింది. ఇంత మెత్తని రంగులు నేనింతవరకు చూడలేదు, ఇవి ఎవరు చేశారు అని హిందీలో అడిగాడు. సేటు అవ్వను చూపించాడు, ఆయన ముఖం మాత్రం పాలిపోయింది.

"బాయి నీళ్ళు, పిడికెడు ఉప్పు," అంది అవ్వ తెలుగులో.

"చెట్ల బెరడు రంగు సాబ్, పాత పద్ధతి," అని సేటు హిందీలోకి మార్చాడు.

నాకు హిందీ వచ్చు. బళ్ళో చదివిన హిందీ, బజార్ల నేర్చిన ఉర్దూ కలిపి గట్టిగా చెప్పాను. ఇది బావి నీళ్ళ రంగు సాబ్, మేము తాగే బావి, మీ ఆర్డర్ల రంగు మా బావిలోకి దిగింది, అని.

సాబ్ నన్ను చూశాడు, అవ్వను చూశాడు, మళ్ళీ జంపఖానాను చూశాడు. తర్వాత అడిగాడు:

"హర్ బార్ యహీ షేడ్ ఆయేగా?"

ప్రతిసారీ ఇదే రంగు వస్తుందా అని. ఆయన దుర్మార్గుడు కాదు, నేను ఒట్టేసి చెప్తాను. ఆయన వ్యాపారి. మేము చెప్పింది ఆయన విన్నాడు, అర్థం చేసుకున్నాడు, అందులో ఆయనకు కావలసిన ప్రశ్న అదొక్కటే దొరికింది. వ్యాపారం, పర్యావరణం అంటూ పెద్ద పెద్ద సభల్లో మాట్లాడేవాళ్ళను తర్వాత చాలామందిని విన్నాను. నాకు మాత్రం అప్పటికే ఆ పాఠం అయిపోయింది.

అవ్వకు నేను తెలుగులో చెప్పాను. ఆమె ఆ జంపఖానాను ఆయన కాళ్ళ దగ్గర నుంచి లాగి చుట్టి చంకన పెట్టుకుంది. "ఇది అమ్ముడుపోయేది కాదు," అంది.

ఇదంతా వాడ ఆడవాళ్ళు గేటు దగ్గర నిలబడి చూశారు. పెద్దవ్వ కూడా. సేటు 'చెట్ల బెరడు' అనడం ఆమె విన్నది, ఆమెకు ఉర్దూ బాగానే తెలుసు. మేము బయటికి రాగానే అవ్వ చెయ్యి పట్టుకుంది. ముఖం జేవురించి ఉంది.

"వానికి ఎర్కనే గద. ఎర్కుండి యాటను ఇచ్చిండు. అమ్మవారి పేరు మీద నాతోని మోరీ నీళ్ళకు మొక్కిచ్చిండు." నీళ్ళు పాడైనందుకు రాని కోపం ఆమెకు దీనికి వచ్చింది. ఏ దారిన వస్తేనేం, వచ్చింది.

ఆ మరుసటి పొద్దున ఇరవై మంది ఆడవాళ్ళం పాత జంపఖానాలు మోసుకొని మోరీ దగ్గరికి పోయాం. తడిసిన జంపఖానా ఉబ్బి రాయి కన్నా గట్టిగా నిలబడుతుంది, అది మాకు తెలిసిన విద్యే. కార్ఖానా గోడలోంచి మోరీ బయటికి వచ్చే కంత ఉంది కదా, అందులో చుట్టలు చుట్టి కుక్కాం. పైన రాళ్ళు పేర్చి వాటి మీద కూర్చున్నాం. అరగంటకు లోపల కేకలు మొదలయ్యాయి. పోయిన నీళ్ళు పోయిన దారినే తిరిగి వచ్చి కార్ఖానా అంతా నిండాయి. ఆర్డరుకు ఉంచిన తెల్ల నూలు తడిసి నానా రంగులూ అయింది.

రాళ్ళు తీయించమని సేటు లోపలి పనివాళ్ళ మీద అరిచాడట. పనివాళ్ళు నాయిన ముఖం చూశారట. నాయిన పోయి బట్టీలో మంట ఆర్పి, తువ్వాల దులిపి భుజాన వేసుకొని బయటికి వచ్చాడు. మా పక్కన, రాళ్ళకు కొంచెం ఎడంగా కూర్చున్నాడు. అవ్వ ఆయన వైపు చూడలేదు కానీ కొంగు కింద దాచిన తమలపాకు ఒకటి అటు జరిపింది.

సాయంత్రానికి సేటు దిగివచ్చాడు. "మీకేం కావాల్నో కాయితం మీద రాసియ్యిర్రి, చేస్త," అన్నాడు. రాయడం అంటే నేనే. ఆ రాయి మీదే కూర్చొని, మోకాలి మీద నోటుబుక్కు పెట్టుకొని, కాలేజీ తెలుగులో రాశాను. 'కార్ఖానా మురుగు నీరు మా వాడ మీదుగా కాక, సిమెంటు పైపుల ద్వారా దూరంగా పంపించవలెనని కోరుతున్నాము.' అందరూ వేలిముద్రలు వేశారు. నేను సంతకం చేశాను. 'దూరంగా' అన్న మాట కింద గీత కూడా గీశాను. సేటు అది చదివి వెంటనే ఒప్పుకున్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాలి. రాలేదు.

పైపులు పడ్డాయి. ఆ వానాకాలం బావి నిండి పొర్లింది, మళ్ళీ తోడారు, మళ్ళీ ఊరింది. ఏడాది తిరిగేసరికి నీళ్ళు తేటపడ్డాయి, పప్పు మళ్ళీ మెత్తగా ఉడికింది. నాయిన తిరిగి పనిలోకి పోయాడు. నేను డిగ్రీలో చేరాను. సేటు, మేము పండుగలకు పలకరించుకున్నాం. వాడలో అవ్వ మాటకు విలువ పెరిగింది, ఆమె నడక కూడా కొంచెం మారిందని మా చెల్లెలు ఎగతాళి చేసేది. ఇల్లు అలకగానే పండుగ కాదని ఎవరికీ గుర్తు రాలేదు.

రెండో ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఒకామె మా గడప ముందు నిలబడింది. చెప్పుల్లేవు, చేతిలో వాడిపోయిన వరినారు కట్ట. నర్సంపేట రోడ్డు వైపు, మా వాడకు దిగువన ఉన్న పల్లె నుంచి వచ్చానంది. పైపు నీళ్ళు వచ్చి పడే కాలువ కింద వాళ్ళకు కొంచెం పొలం. నారు పోస్తే మాడిపోతున్నదని, చూడి బర్రె ఆ నీళ్ళు తాగి కడుపు పోగొట్టుకుందని, పిల్లలకు కాళ్ళ మీద పుండ్లు లేస్తున్నాయని చెప్పింది. కోపంగా కూడా చెప్పలేదు.

"మీ పైపు జర అటో ఇటో మళ్ళియ్యరాదు అక్కా?" అంది.

కార్ఖానా పైపు అనలేదు. సేటు పైపు అనలేదు. మీ పైపు. అక్కడ ఊళ్ళో అందరూ దాన్ని అలాగే అంటారట, 'నేతవాడోళ్ళ పైపు' అని. కొట్లాడి వేయించుకున్నది మేమే కదా, ఆ సంగతి చుట్టుపక్కలంతా గొప్పగా పాకింది.

నేను ఆ పూట అన్నం తినలేకపోయాను. దూరంగా అని రాశానే కానీ, మాకు దూరమైంది ఎవరికి దగ్గరవుతుందని ఒక్క క్షణం ఆలోచించలేదు. ఆ సాబ్‌ను ఎన్ని మాటలన్నాను మనసులో! ఆయన షేడ్ గురించి ఆలోచించాడు, నేను నా బావి గురించి ఆలోచించాను. మా ఇద్దరిలో ఎవరమూ ఈమె గురించి ఆలోచించలేదు.

అవ్వ వాడలో ఇంటింటికీ తిరిగింది. ఈసారి మొదటిసారి కన్నా కష్టం. ఎవరూ తిట్టలేదు, అదే కష్టం. "మన బాయి మంచిగైంది గద, ఇగ మనకేంది?" అన్నారు. పెద్దవ్వ కూడా అదే మాట అంది.

"నీళ్ళు మంచిగైనయ్. మనం కాలే," అంది అవ్వ.

పెద్దవ్వ తలుపు వేసుకుంది. మా నాయిన మాత్రం ఆ సాయంత్రం ఎవరూ అడగకుండానే గడ్డపారను గోడకు ఆనించి పెట్టి, "సిమెంటు పైపు మీద గాదు, అతుకు మీద వేస్తే పోతది," అని చెప్పి పడుకున్నాడు.

తెల్లారి, అవ్వ కబురు పంపితే ఆ పల్లె నుంచి పదకొండు మంది ఆడవాళ్ళు వచ్చారు. మా వాడ నుంచి అవ్వ, నేను. పొద్దెక్కేలోపల నాలుగు అతుకులు విరిచాం. ఒక అతుకు నేను విరిచాను, చేతులు బొబ్బలెక్కాయి, ఆ నొప్పి నాకు ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను. పైపు విరగగానే నీళ్ళు మళ్ళీ మా వాడ వైపే మళ్ళుతాయని మాకు తెలుసు. తెలిసే విరిచాం. నీళ్ళు మా గడపలోకి వస్తేనే మా వాడ మళ్ళీ నోరు విప్పుతుందని అవ్వ లెక్క.

ఆ లెక్క తప్పలేదు. తర్వాత జరిగింది ఇక్కడే చెప్పేస్తాను. మురుగు మళ్ళీ గుమ్మాల ముందుకు రాగానే తలుపులు తెరుచుకున్నాయి. మా వాడ, ఆ పల్లె కలిసి కార్ఖానా ముందు కూర్చుంటే సేటు తన సొంత జాగాలోనే, కార్ఖానా వెనక, వరుసగా సున్నం తొట్లు కట్టించి నీళ్ళు అందులోనే నిలవేసి ఎండబెట్టాల్సి వచ్చింది. జాగా పోయింది, ఖర్చు పెరిగింది, సేటు మాతో పలకరింపులు మానేశాడు. కార్ఖానా మూతపడలేదు. మగ్గాలు ఆగలేదు. మురుగును తన దగ్గరే పెట్టుకొని కూడా వ్యాపారం చేయొచ్చని తేలింది, చేయలేమని అన్ని రోజులూ చెప్పింది అబద్ధమని కూడా తేలింది. చాలా ఏళ్ళ తర్వాత ప్లాస్టిక్ చాపలు వచ్చి జంపఖానాల గిరాకీ పడగొట్టాయి. అది వేరే కథ. దానికి మేము కారణం కాదు.

కానీ అంతకుముందు, పైపు విరిచిన ఆ రోజే, సేటు ఫిర్యాదు మీద మమ్మల్ని ఠాణాకు పిలిచారు. లోపల బల్ల ముందు కాగితాలు రాసే ఆయన ఒకరు ఉన్నారు. పెద్దమనిషే, మమ్మల్ని బెంచీ మీద కూర్చోమన్నారు. పల్లె ఆడవాళ్ళను బయట చెట్టు కింద కూర్చోబెట్టారు. ఆయన ముందు నా పాత దరఖాస్తు ఉంది, సేటు భద్రంగా దాచి తెచ్చి ఇచ్చాడు. 'దూరంగా' కింద నా గీత, చివర నా సంతకం.

"పైపు కావాలని రాసిచ్చింది మీరే. ఇప్పుడు పలగ్గొట్టింది మీరే. మీ బాయి బాగానే ఉన్నదంట. మరి మీకేం నష్టమైంది చెప్పుర్రి?" అన్నారాయన.

అవ్వ నా మోచేతిని పొడిచింది. చదివించింది ఇందుకే అన్నట్టు.

"మాకు నష్టం కాలేదు సార్. నష్టం చేసినం," అన్నాను. "రాసుకోండి. దూరంగా పంపుమని రాసింది నేనే. పైపు వేయించుకున్నది మేమే. విరగ్గొట్టింది కూడ మేమే."

ఆయన కలం ఆపారు. ఆయనకు నవ్వు రాలేదు, కోపం రాలేదు, నిజంగానే తికమకపడ్డారు.

"ఇందుల ఏది నేరమని రాయాలె బిడ్డా?"

"మొదటిది," అన్నాను, 'దూరంగా' కింది గీత మీద వేలు పెట్టి.